బక్కాయన అదృశ్యం

"ఒరేయ్ మాస్టారూ, రాసుకో. ఇరవై ఐదేళ్ళుగా చట్టం కళ్ళలో కారం కొట్టి తిరుగుతున్న హంతకుడు ఈ సాయంత్రం అయిదింటికల్లా నా ముందు మోకాళ్ళ మీద ఉంటాడు. ఈ భూమ్మీద నా కంటికి చిక్కని నేరం ఇంకా పుట్టలేదు. పుట్టినా ముందు నా దగ్గరికొచ్చి పర్మిషన్ తీసుకుని మరీ పుడుతుంది."

కాలేజీ గేటు ముందు బస్సు దిగుతూ భూతద్దం ఈ ప్రకటన చేశాడు. ఆ ఊపులో ఇంకో మెట్టు మిగిలి ఉందన్న సంగతి మర్చిపోయి, ఎడమకాలు బురదగుంటలో చీలమండ దాకా దించాడు. అయినా ముఖంలోని గాంభీర్యం చెక్కు చెదరలేదు.

వెనకే దిగిన సైన్సు మాస్టారు నోట్‌బుక్ తెరిచి 'హంతకుడు' అని రాసి, పెన్ను ఆపాడు.

"హంతకుడంటే చచ్చిందెవరు?"

"అస్థిపంజరం పోయిందా లేదా?"

"పోయింది."

"అస్థిపంజరం ఉందీ అంటే ఎవరో ఒకరు చచ్చే ఉంటారుగా. ఈ మాత్రం లాజిక్కు అందకే నువ్వింకా అసిస్టెంటుగా ఉండిపోయావు."

"అది ప్లాస్టర్‌తో చేసిందిరా."

"అని మనల్ని నమ్మించారు" అన్నాడు భూతద్దం, బూటు గేటుకేసి రాస్తూ.

లోకం దృష్టిలో అతనొక కళ్ళజోళ్ళ షాపు ఓనరు. విజిటింగ్ కార్డుకి ఒకవైపు 'కంటి పరీక్ష ఉచితం' అనీ, రెండోవైపు 'అపరాధ పరిశోధన, రహస్యం గ్యారంటీ' అనీ వేయించుకున్నాడు. ఆ గ్యారంటీలో అబద్ధం లేదు. అతను చేపట్టిన రహస్యం ఏదీ ఇప్పటిదాకా బయటపడలేదు. పక్కింటి కుక్కర్ విజిల్ పోయినప్పుడు, ఆ ఇంటి అత్తగారి మీద అనుమానపడి మూడు రోజులు ఆవిడ వెంట నీడలా తిరిగాడు. ఆవిడ భయపడి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. విజిలు చివరికి ఇతని చొక్కా జేబులోనే దొరికింది. మొదటి రోజు సాక్ష్యం కింద తీసి జేబులో వేసుకుని మర్చిపోయాడు. అయితే ఆ ఇంటి కోడలు మాత్రం దాన్ని ఘనవిజయంగానే చెప్పుకుంటుంది.

ఇలాంటివెన్ని చేసినా, అతన్ని నిద్రపోనివ్వని కేసు ఒకటుంది. అతని మొట్టమొదటి కేసు అదే.

వీళ్ళిద్దరూ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా, జువాలజీ ల్యాబులోని అస్థిపంజరం ఒకనాడు ఉన్నట్టుండి మాయమైంది. పిల్లలందరూ దాన్ని బక్కాయన అని పిలిచేవాళ్ళు. బక్కాయన మాయమైన రోజు ల్యాబు తాళం చెవి భూతద్దం దగ్గర ఉంది. తానే తాళం వేశానని ఒప్పుకున్నాడు, తలుపు తాళం వేసే ఉంది, లోపల సరుకు లేదు. జువాలజీ మేడమ్ కాగితం మీద సంతకం పెట్టింది. పదిహేను రోజుల సస్పెన్షన్. ఆ పదిహేను రోజుల్లోనే ప్రాక్టికల్స్ అయిపోయాయి, సంవత్సరం పోయింది. వాళ్ళ నాన్న, "ఎముకలు అమ్ముకునే కొడుకు చదివి ఉద్ధరించేదేముంది" అని తీసుకెళ్ళి కళ్ళజోళ్ళ షాపులో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలోనే కూర్చుని కుర్రాడు ప్రతిజ్ఞ చేశాడు: అసలు దొంగను పట్టుకునేదాకా డిటెక్టివ్‌గానే బతుకుతానని. వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్షించడానికి తెచ్చిన భూతద్దంతోనే పని మొదలుపెట్టాడు. దాంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

ఇంతకాలం అతని వెంట తిరుగుతూ, చెప్పిందల్లా నోట్‌బుక్‌లో రాసుకుంటూ, తన్నులు తప్పనిచోట తనూ ఒకటి రెండు పంచుకుంటూ వచ్చింది సైన్సు మాస్టారు. ఇంత ఓపిక ఈయనకెక్కడిదని ఊళ్ళో అందరూ ఆశ్చర్యపోయేవాళ్ళు. స్నేహమంటే ఇలా ఉండాలి అనేవాళ్ళు.

ఓపికా కాదు, పాడూ కాదు. బక్కాయన్ని మాయం చేసింది సైన్సు మాస్టారే.

ఆ రోజు మధ్యాహ్నం, భూతద్దం తాళం వెయ్యకముందు, మాస్టారు ఒక్కడే ల్యాబులో ఉండగా బక్కాయన కుడిచెయ్యి మోచేతి దగ్గర ఊడి వచ్చింది. వస్తువు పగిలితే కాలేజీలోంచి తీసేస్తారని అప్పట్లో పెద్ద పుకారు. మాస్టారు పరుగెత్తి హాస్టల్ గదిలోంచి తన రగ్గు తెచ్చి, చెయ్యితో సహా బక్కాయన్ని అందులో చుట్టి, పక్కనే ఉన్న ఆడిటోరియంలో స్టేజీ మీది చెక్క అటకపైకి ఎక్కించేశాడు. రెండు రోజుల్లో అతుకు వేసి తెచ్చి పెట్టేద్దామనుకున్నాడు. మర్నాటికల్లా భూతద్దం సస్పెండ్ అయ్యాడు. ఆ రోజే చెప్పి ఉండాల్సింది. ఆ రోజు భయపడ్డాడు. వారం తర్వాత చెబితే, వారం ఎందుకు ఆగావంటారని ఆగాడు. సంవత్సరం తర్వాత ఇంకా కష్టమైంది. పదేళ్ళయ్యాక నోరు ఆ మాట దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేది. అందుకే ఎవరైనా గుమ్మడికాయల దొంగ అంటే చాలు, మాస్టారి చేతులు వాటంతటవే భుజాల మీదికి వెళ్ళేవి. బళ్ళో ఎముకల పాఠం వచ్చిన వారం ఆయనకి జ్వరం తగిలేది.

ఈ సంగతి మాస్టారి భార్యకొక్కదానికే తెలుసు. పొద్దున బయల్దేరేటప్పుడు కూడా అంది, "ఈసారైనా అన్నయ్యగారికి చెప్పెయ్యండి. ఆయన మన పిల్లకి దగ్గరుండి కళ్ళజోడు సరిచేసినప్పుడల్లా నాకు తలెత్తుకోబుద్ధి కాదు."

"చెప్తాను" అన్నాడు మాస్టారు. అని, ఇంట్లోకెల్లా పెద్ద బ్యాగు ఖాళీగా చంకన వేసుకుని బయల్దేరాడు.

బ్యాగెందుకంటే, పూర్వ విద్యార్థుల కలయికకి పిలుస్తూ పళ్ళ డాక్టరు పంపిన ఉత్తరంలో చివరి వాక్యం అలాంటిది. ఈ పళ్ళ డాక్టరూ వాళ్ళ క్లాసువాడే, ఈ హడావిడి అంతా అతని పెత్తనమే. 'పాత ఆడిటోరియంలో ఇదే ఆఖరి సమావేశం, వచ్చేవారం పడగొట్టేస్తున్నారు' అని రాశాడు. పడగొడితే అటక దిగుతుంది. అటక దిగితే రగ్గు దిగుతుంది. హాస్టల్లో రగ్గులు మారిపోకుండా ఒక మూల నల్ల రంగుతో రోల్ నంబరు వేసుకునేవాళ్ళు. మాస్టారిది ముప్పై ఏడు, బొద్దుగా వేసుకున్నాడు.

*

కాలేజీ లోపల చెట్లు పెద్దవయ్యాయి, మనుషులు లావయ్యారు. వచ్చినవాళ్ళంతా ఒకళ్ళ మొహంలో ఒకళ్ళు పాత మొహాలు వెతుక్కుంటున్నారు. ఒకాయన ఇంకొకాయన్ని కావలించుకుని పది నిమిషాలు కష్టసుఖాలు మాట్లాడాక, ఆ రెండో ఆయన మైకులు బిగించడానికి వచ్చిన మనిషని తేలింది.

భూతద్దం ఇవేవీ పట్టించుకోకుండా నేరుగా జువాలజీ ల్యాబుకి నడిచాడు. ఇప్పుడక్కడ కంప్యూటర్లు ఉన్నాయి. వేసవి సెలవులు కాబట్టి గది ఖాళీగా ఉంది. కిటికీ దగ్గరినుంచి మొదలుపెట్టి, భూతద్దం కంటికి పెట్టుకుని, నేలంతా జానెడు జానెడు పాకాడు. గదిని రెండు చుట్లు చుట్టాక గట్టిగా ఊపిరి పీల్చాడు.

"మాస్టారూ, తొందరగా రా. పాదముద్ర."

మాస్టారు వంగి చూశాడు.

"ఎడమకాలు" అన్నాడు భూతద్దం. "తొమ్మిదో నంబరు బూటు. నేరస్థుడు కంగారులో ఉన్నాడు, ఈ గదిలో గుండ్రంగా రెండుసార్లు తిరిగాడు. మడమ దగ్గర బురద చూడు, ఇంకా తడి ఆరలేదు."

"ఇరవై ఐదేళ్ళు ఆరలేదా?"

"అదే దీని ప్రత్యేకత."

"ఒకసారి నీ బూటు అడుగు చూసుకోరా."

భూతద్దం చూసుకున్నాడు. మడమకంటిన బురదని గోటితో గీకాడు. తర్వాత, "నన్ను ఇరికించడానికి నా సైజు బూటే వేసుకొచ్చాడన్నమాట. రాసుకో" అన్నాడు. మాస్టారు రాసుకున్నాడు. రాయకపోతే రాసేదాకా చెబుతాడు.

అక్కణ్ణుంచి పళ్ళ డాక్టరు మీద పడ్డాడు. ఆయన వరండాలో నిలబడి వచ్చినవాళ్ళకి బ్యాడ్జీలు పెడుతున్నాడు. భూతద్దం ఆయన్ని స్తంభం చాటుకి లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు.

"సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. నీ దగ్గర ఎముకలు ఎన్ని ఉన్నాయి?"

"రెండొందల ఆరు."

భూతద్దం కళ్ళు మెరిశాయి. "ఎక్కడ దాచావు?"

"చర్మం కింద" అన్నాడు పళ్ళ డాక్టరు. "బ్యాడ్జీ పెట్టుకుంటావా, వెళ్ళనా?"

"నీ ఆస్పత్రిలో అద్దాల బీరువాలో ఒక దవడ ఉందని నాకు సమాచారం ఉంది. అది ఎవరి దవడ?"

"కంపెనీవాళ్ళు ఇచ్చిన మోడల్ రా. పళ్ళెలా తోముకోవాలో పిల్లలకి చూపించడానికి. అయినా నీకింకా ఆ బక్కాయన గోల పోలేదా? ఈ మాస్టారు నిన్నెలా భరిస్తున్నాడో గానీ, ఆయనకి దండం పెట్టాలి."

మాస్టారికి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. పళ్ళ డాక్టరు వెళ్ళిపోయాక భూతద్దం మరో ఇద్దర్ని పట్టుకోవడానికి అటు తిరిగాడు. ఇదే సందనుకుని మాస్టారు ఖాళీ బ్యాగుతో ఆడిటోరియంలోకి జారుకున్నాడు.

హాల్లో కుర్చీలు వేసి ఉన్నాయి. స్టేజీకి పాత ఎర్రతెర, దాని వెనక గోడకి ఇనప నిచ్చెన, పైన చెక్కపలకల అటక. అన్నీ అలాగే ఉన్నాయి, మాస్టారి మోకాళ్ళు తప్ప. ఆ రోజు భుజం మీద బరువుతో ఏడు మెట్లు ఎక్కిన మనిషి ఇవాళ ఖాళీ బ్యాగుతో నాలుగో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాల్సొచ్చింది. అయిదో మెట్టు మీదికి కాలు వేశాడో లేదో, కింద గొంతు వినిపించింది.

"శభాష్."

మాస్టారు నిచ్చెనని కౌగిలించుకున్నాడు.

"పైనుంచైతే హాలంతా కనిపిస్తుంది. అనుమానితుల కదలికలన్నీ గమనించొచ్చు. ఇన్నాళ్ళకి నా ట్రైనింగ్ నీకు ఒంటబట్టింది" అన్నాడు భూతద్దం. "కానీ నీ వయసుకి ఇది మంచిది కాదు. దిగు. నీకేమన్నా అయితే చెల్లెమ్మకి నేనేం జవాబు చెప్పాలి?"

"ఒక్క నిమిషం చూసి..."

"దిగమన్నానా."

అని, కాలు పట్టుకుని కిందికి లాగి, బ్యాగు తనే అందుకుని భుజాన వేసుకున్నాడు. అంత పెద్ద బ్యాగు ఖాళీగా ఎందుకుందని అడగలేదు. అడగవలసినవి అడిగే అలవాటు అతనికి మొదటినుంచీ లేదు.

*

క్యాంటీన్లో ఇద్దరూ టీ తెచ్చుకుని మూల బల్ల దగ్గర కూర్చున్నారు. మాస్టారు గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆవిరి చూశాడు. అటక ఎక్కడం తన వల్ల కాదని తేలిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే దారి.

"ఒరేయ్, ఒక మాట చెప్తాను. మధ్యలో మాట్లాడకుండా విను."

"చెప్పు."

"బక్కాయన్ని దాచింది నేను."

భూతద్దం గ్లాసు బల్ల మీద పెట్టి, మాస్టారి కళ్ళలోకి చూశాడు.

"ఎవరు బెదిరించారు నిన్ను?"

"ఎవరూ లేదు. నేనే. ఈ చేతులతోనే."

"ఈ చేతులతో" అని భూతద్దం జాలిగా నవ్వాడు. "బొద్దింకని చూసి బెంచీ ఎక్కినవాడివి. కప్పని కోసేముందు దానికి సారీ చెప్పినవాడివి. నేరం చెయ్యాలంటే ఒక లెవెల్ ఉండాలిరా, అది అందరికీ అబ్బదు."

"నిజంరా, నమ్ము."

"నువ్వెందుకిలా అంటున్నావో నాకు తెలుసు. మేడమ్‌ని కాపాడాలని. నేను ఆవిడ మీద కన్నేశానని నీకు పొద్దుటే అర్థమైపోయింది. నీకు మొదటినుంచీ ఆవిడంటే గౌరవం."

"మేడమ్‌ని నువ్వు అనుమానిస్తున్నావా?"

భూతద్దం చుట్టూ చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అంతర్జాతీయ ఎముకల ముఠా. ఈవిడ ఇక్కడి ఏజెంటు. సరుకు సరిహద్దు దాటాక, అనుమానం రాకుండా ఒక అమాయక యువకుణ్ణి, అంటే నన్ను, బలిచేసింది. సంతకం పెట్టింది ఎవరు? ఆవిడ. రెండో తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఆవిడ దగ్గర. రాసుకో: సహాయకుడికి నేరస్థురాలిపై సానుభూతి."

మాస్టారు పెన్ను తీసి రాశాడు. చెప్పేశాను, నమ్మకపోతే నా తప్పా అని లోపలెక్కడో ఒక బరువు దిగిన మాట నిజం. ఆ బరువు దిగినందుకే తన మీద తనకి అసహ్యం కూడా వేసింది. ఎనభై ఏళ్ళకి దగ్గరపడిన మనిషిని నలుగురిలో నిలబెట్టి దొంగ అనబోతున్నాడు వీడు. దానికి తను నోట్సు రాసుకుంటున్నాడు.

*

మధ్యాహ్నం మూడింటికి హాలు నిండింది. మేడమ్ చేతికర్ర పట్టుకుని స్టేజీ మీదికొచ్చి కూర్చుంది. మనిషి వంగింది గానీ చూపు వంగలేదు. ముందు వరుసలో ఎవరో గుసగుసలాడుతుంటే ఒక్కసారి చూసింది. యాభైకి దగ్గరపడిన ఒక పోలీసాఫీసరు నోటి మీద వేలేసుకున్నాడు.

పళ్ళ డాక్టరు స్వాగతం పలికి, మేడమ్‌కి శాలువా కప్పి, "ఇప్పుడు మన మిత్రుడు రెండు మాటలు" అంటూ ఏమరుపాటున మైకు వదిలాడు. భూతద్దం అందుకున్నాడు.

"ఈ హాల్లోంచి ఎవరూ కదలొద్దు" అన్నాడు.

వెనక వరుసల్లో పదిమంది లేచి టీకి వెళ్ళారు.

"మీలో చాలామందికి నేను కళ్ళజోళ్ళవాడిగానే తెలుసు. ఇవాళ మీ కళ్ళు నిజంగా తెరిపిస్తాను. ఇరవై ఐదేళ్ళ కింద ఈ కాలేజీలో ఒక ఘోరం జరిగింది. ఒక నిర్దోషి బతుకు నాశనమైంది. ఆ నిర్దోషిని నేను. నాశనం చేసినవాళ్ళు ఈ స్టేజీ మీదే, నాకు ఆరడుగుల దూరంలో, శాలువా కప్పుకుని కూర్చున్నారు."

మేడమ్ తన శాలువా వైపు చూసుకుంది.

"నన్నేనా అంటున్నావు?"

"మిమ్మల్నే మేడమ్. ఎముకల ముఠా సంగతంతా నాకు తెలిసిపోయింది."

"నువ్వు తాళం చెవి వాడివి కదూ" అంది మేడమ్. "నీ జువాలజీ రికార్డు ఇంకా నాకు ఇవ్వలేదు."

హాల్లో నవ్వులు పొంగాయి. భూతద్దం చెవులు ఎర్రబడ్డాయి. మొదటి వరుసలో కూర్చున్న మాస్టారు అతని మొహం చూశాడు. అందరూ నవ్వుకునే ఆ డిటెక్టివ్ మొహం వెనక, కాగితం పట్టుకుని ఇదే కాలేజీ గేటు దాటుతున్న ఇరవై ఏళ్ళ కుర్రాడి మొహం ఆయనకి స్పష్టంగా కనిపించింది. చెప్పేద్దామని కుర్చీలోంచి లేచాడు. కానీ సగం లేచి అలాగే ఉండిపోయాడు.

"రికార్డు సంగతి పక్కన పెట్టండి" అంటూ భూతద్దం నాటకీయంగా రెండడుగులు వెనక్కి వేశాడు. "నేరస్థులు ఎంత తెలివైనవాళ్ళైనా ఎక్కడో ఒకచోట ఒక చిన్న పొరపాటు..."

ఆ పొరపాటు అతనే చేశాడు. వెనక తెర తాడు చుట్ట కాలికి తగులుకుంది. విదిలించబోయాడు, ఇంకాస్త బిగిసింది. పడబోతూ ఊతకోసం ఆ తాడునే రెండు చేతులా పట్టుకుని ఒంటి బరువంతా దాని మీద వేశాడు. తాడు పైన అటక దూలం మీంచి వస్తుంది. ఆ అటక అప్పటికే చెదలు తిని వచ్చేవారం దాకా ఎలాగో వేళ్ళాడుతోంది. ముందు తెర సర్రున మూసుకుంది. తర్వాత పైన ఏదో ఫెళ్ళుమంది. తెర చిరిగి కిందపడేసరికి దుమ్ము మేఘంలో, స్టేజీ మధ్యలో, భూతద్దం వెల్లకిలా పడి ఉన్నాడు. అతని గుండెల మీద, ఒక్క చేత్తో మెడ కావలించుకుని, ఇన్నేళ్ళకి కలిసిన చుట్టంలా పళ్ళికిలించి బక్కాయన ఉన్నాడు.

"ఎవరో నన్ను పట్టుకున్నారు" అని దుమ్ములోంచి సన్నగా వినిపించింది. "మాస్టారూ, రాసుకో."

మాస్టారు కదల్లేదు. పళ్ళ డాక్టరూ పోలీసాఫీసరూ పరుగెత్తి బక్కాయన్ని లేవదీశారు. భూతద్దానికి దెబ్బలేవీ తగల్లేదు. బక్కాయన కింద రగ్గు ఉంది. మేడమ్ చేతికర్ర ఊతంగా లేచి వచ్చి, వంగి, రగ్గు మూల పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుంది. ముప్పై ఏళ్ళు ప్రతి ఉదయం ఏ గొంతుతో పిలిచిందో అదే గొంతుతో, అంతే విసుగ్గా, అంతే గట్టిగా చదివింది.

"ముప్పై ఏడు."

"ప్రెజెంట్ మేడమ్" అన్నాడు సైన్సు మాస్టారు.

అనాలని అనలేదు. చెయ్యి దానంతటదే పైకి లేచింది, నోరు దానంతటదే పలికింది. హాలంతా ఆయన వైపు తిరిగింది. మేడమ్ రగ్గు వైపు చూసి, బక్కాయన లేని చెయ్యి వైపు చూసి, ఆయన లేచిన చెయ్యి వైపు చూసింది.

"నువ్వా" అంది.

"నేనే మేడమ్. చెయ్యి విరిగింది. భయపడి దాచేశాను. వీడికేం తెలీదు. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు."

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడన్నమాట" అన్నాడు పళ్ళ డాక్టరు నెమ్మదిగా. ఎవరూ నవ్వలేదు.

మేడమ్ మాస్టారిని స్టేజీ మీదికి రమ్మంది. పక్కన నిలబెట్టుకుని అడిగింది.

"ఇప్పుడేం చేస్తున్నావు?"

"సైన్సు టీచర్ని మేడమ్."

"పిల్లలకి ఎముకలు చెప్తున్నావా?"

"చెప్తున్నాను."

"ఎలా చెప్తున్నావు?"

"త్వరగా మేడమ్."

ఆవిడ మొహం కొంచెం కదిలింది. మైకు దగ్గరికి వెళ్ళి, ఇంకా నేలమీదే కూర్చుని దుమ్ము దులుపుకుంటున్న భూతద్దం వైపు తిరిగింది.

"ఆ రోజు సస్పెన్షన్ కాగితం మీద సంతకం పెట్టింది నేను. విచారించలేదు. తాళం చెవి ఎవరి దగ్గరుందో చూశాను, అంతే. తప్పు నాది. నన్ను క్షమించు బాబూ. మీరంతా విన్నారుగా, ఇతను ఏ తప్పూ చెయ్యలేదు."

ఈ మాటల కోసమే భూతద్దం ఇన్నేళ్ళూ బతికాడు. ఇవి వినగానే ఏమనాలో షాపు అద్దంలో చూసుకుంటూ ఎన్నోసార్లు రిహార్సల్ వేసుకున్నాడు. 'సత్యమేవ' అని మొదలై చాలా పొడుగ్గా ఉండే ప్రసంగం అది. నోరు తెరిచాడు. ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"పరవాలేదు మేడమ్" అన్నాడు. "ఎముకలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి."

హాలంతా చప్పట్లు కొట్టింది. అతను మాస్టారి వైపు మాత్రం చూడలేదు.

*

తిరుగు బస్సులో భూతద్దం ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. మాస్టారు రెండు వరుసల వెనక, ఖాళీ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. రెండు స్టాపులు గడిచాయి, మూడు గడిచాయి. ఇంటికెళ్ళి భార్యకి ఏం చెప్పాలా అని మాస్టారు ఆలోచిస్తున్నాడు. చెప్పాను అని చెప్పొచ్చు. తర్వాత ఏమైందంటే ఏం చెప్పాలి?

నాలుగో స్టాపు దాటాక భూతద్దం లేచి, ఊగుతూ వచ్చి, మాస్టారి ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. చేతిలో మాస్టారి నోట్‌బుక్ ఉంది.

"అనుమానితుల జాబితా. నలభై రెండు పేర్లున్నాయి. క్లాసు మొత్తం ఉంది. నా పేరు కూడా ఉంది. నీ పేరెందుకు లేదు?"

"జాబితా రాసింది నేను కదరా."

భూతద్దం తలూపాడు. బస్సు ఒక మలుపు తిరిగింది.

"కోపం వస్తోందిరా. చాలా వస్తోంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీక ఊరుకున్నాను."

"ఎక్కణ్ణుంచైనా మొదలుపెట్టు. వింటాను."

"ఆ రోజు నువ్వు చెప్పి ఉంటే నేను ప్రాక్టికల్స్ రాసేవాణ్ణి."

"రాసేవాడివి."

"పాసయ్యేవాణ్ణంటావా?"

మాస్టారు ఇక అబద్ధాలు చెప్పదలచుకోలేదు. "జువాలజీలోనా? కష్టమేరా. రికార్డే లేదు నీకు."

"ఇందాక మేడమ్ కూడా అదే అంది" అన్నాడు భూతద్దం. "మరి ఎముకల ముఠా?"

"లేదు."

"చిన్నదైనా?"

"చిన్నది కూడా లేదు."

అది అతనికి సస్పెన్షన్ కంటే పెద్ద దెబ్బలా కనిపించింది. నోట్‌బుక్ మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక మాట్లాడడనుకున్నాడు మాస్టారు. అయితే పదినిమిషాల తర్వాత భూతద్దం మళ్ళీ తలెత్తాడు. ఈసారి గొంతులో డిటెక్టివ్ లేడు, మామూలు మనిషే ఉన్నాడు.

"అసలు ఆ చెయ్యి ఎలా విరిగిందిరా?"

మాస్టారు చుట్టూ చూశాడు. పక్క సీట్లో ఒకావిడ నిద్రపోతోంది. అయినా గొంతు తగ్గించాడు.

"అప్పుడు నాకొక కంపెనీ ఇంటర్వ్యూ వచ్చింది, గుర్తుందా?"

"గుర్తుంది."

"షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వాలి, మెత్తగా ఇస్తే ఉద్యోగం రాదు అని ఎవరో చెప్పారు. నేను అంతకుముందు ఎవరికీ షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు. మనుషుల మీద ప్రాక్టీసు చెయ్యాలంటే సిగ్గు. ల్యాబులో ఎవరూ లేరు. బక్కాయన ఉన్నాడు. మొదట మెల్లగా ఇచ్చాను. ఆత్మవిశ్వాసం కనిపించాలన్నారని ఇంకొంచెం గట్టిగా ఊపాను."

"ఊపితే?"

"చెయ్యి చేతికొచ్చింది."

భూతద్దం రెప్ప వెయ్యకుండా చూశాడు. "మరి ఇంటర్వ్యూ?"

"వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు. ఎవరూ చెయ్యే చాపలేదురా."

భూతద్దం పెదవులు బిగించాడు. భుజాలు కదిలాయి. ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. తర్వాత ఆపుకోలేక ఎంత గట్టిగా నవ్వాడంటే పక్క సీట్లో ఆవిడ ఉలిక్కిపడి లేచింది, కండక్టరు ఎవరికైనా ఏమైందేమోనని వెనక్కి వచ్చాడు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్న నీళ్ళన్నీ నవ్వువేనని మాస్టారు అనుకోలేదు.

నవ్వు తగ్గాక భూతద్దం ముందు తన కుడిచేతి వాచీ తీసి జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు.